కోటి మందికి ఒకటే శాలువా

‘ఈ వారం మీ ప్రొఫైల్‌ని పదకొండు మంది చూశారు.’ ‘మీ రంగంలో మీరు ముందువరసలో ఉన్నారు, అభినందనలు!’ ‘మీలాంటి కొద్దిమంది నిపుణులనే ఆహ్వానిస్తున్నాం.’ పొద్దున్నే మెయిల్ తెరిస్తే ఇలాంటి తీపి కబుర్లు. ఇవి రాసేదెవరు? ఎంతమందికి రాస్తారు? వాటి వెనకున్న లెక్కేమిటి? కొడుకో కూతురో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ప్రతి ఇల్లూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

రెండేళ్ల కిందట మా మేనల్లుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం పోయింది. ఐటీ కంపెనీ. ఒక సాయంత్రం మరికొందరితో పాటు ఇతనికీ మెయిల్ వచ్చింది, మర్నాడు ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయమన్నారు. ఉద్యోగ పరిచయాల సైట్లో అతనికి అప్పటికే ఖాతా ఉంది. అక్కణ్నుంచి ప్రతి సోమవారం ఒక కబురు: ‘ఈ వారం మిమ్మల్ని పదకొండు మంది చూశారు.’ తల్లి దిగులు కాస్త తగ్గుతుందని ఆ మాట ఫోన్లో చెప్పాడు. తెనాలిలో ఉన్న మా అక్కయ్య ఇక రోజూ అదే అడగడం.

“ఏరా, ఎవరో చూశారన్నావుగా, కబురేమైనా వచ్చిందా?”

“ఇంకా లేదమ్మా.”

“పోయిన వారం చూశారన్నావు, అంతకుముందు వారమూ చూశారన్నావు. చూసినవాళ్లు అవుననో కాదనో చెప్పాలిగా నాన్నా!”

‘చూశారు’ అనే మాట బరువు మా అక్కయ్యకు తెలుసు. ఆవిడకు అయిదుసార్లు పెళ్లిచూపులు జరిగాయి. వచ్చినవాళ్లు బజ్జీలు తిని, కాఫీ తాగి, ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అని వెళ్లేవాళ్లు. ఆ కబురు కోసం పోస్టుమాన్ వచ్చే వేళకు వాకిట్లో నిలబడటం ఎలా ఉంటుందో ఆవిడ మరిచిపోలేదు. అయితే ఆ వచ్చినవాళ్లకు ముఖాలున్నాయి, ఊరూ పేరూ ఉన్నాయి. మేనల్లుడిని చూసిన ఈ పదకొండు మంది ఎవరు?

ఒకరోజు ఇద్దరం కూర్చుని తెరిచి చూశాం. కనిపించినవి మూడు పేర్లు. ఒకరు అతనితో చదువుకున్న కుర్రాడు. ఇంకొకరు బీమా పాలసీలు అమ్మే ఆయన. మూడోది కోర్సులో చేరమని వెంటపడే కోచింగ్ సెంటర్. మిగతా ఎనిమిది మందినీ మసకగా కప్పేసి, ‘వీళ్లెవరో తెలియాలంటే చందా కట్టండి’ అని కింద బటన్ పెట్టారు. జీతం ఆగిపోయిన మనిషి ముందు పెట్టిన బటన్ అది. “కట్టి చూద్దామా మామయ్యా?” అన్నాడు. ఆ గొంతులోని ఆశ నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ మెయిళ్ల సంగతేమిటో తెలుసుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

కోటికొక్కడు, కోటిలో ఒక్కడు

ఈ తరహా మెయిళ్లలో ప్రపంచమంతా చెప్పుకున్నది 2013 ఫిబ్రవరిలో వచ్చింది. ఉద్యోగ పరిచయాలకు అన్నిటికంటే పెద్ద సైటు లింక్డ్‌ఇన్ తన సభ్యుల సంఖ్య 20 కోట్లకు చేరిందని ఆ ఏడాది జనవరిలో ప్రకటించింది. ఆ సంబరంలో భాగంగా సభ్యులకు అభినందన మెయిళ్లు పంపింది. ‘2012లో ఎక్కువమంది చూసిన ప్రొఫైళ్లలో మీది తొలి 5 శాతంలో ఉంది’ అని కొందరికి, ‘తొలి ఒక్క శాతంలో ఉంది’ అని ఇంకొందరికి. లోపల కంపెనీ పెద్ద అధికారి సంతకంతో కృతజ్ఞతల లేఖ. పక్కనే ఈ శుభవార్తను ఫేస్‌బుక్, ట్విట్టర్లలో నలుగురితో పంచుకునే సదుపాయం.

అందుకున్నవాళ్లు మురిసిపోయారు, పంచుకున్నారు. కాసేపటికి ఎవరో లెక్క వేశారు. 20 కోట్లలో 5 శాతమంటే కోటి మంది. ఒక్క శాతమంటే 20 లక్షలు. 2011 జనగణనలో విజయవాడ నగర జనాభా 10 లక్షల పైచిలుకు. అంటే ‘మీరు తొలి ఒక్క శాతం’ అన్న శాలువాను రెండు విజయవాడలకు సరిపడా మనుషులకు కప్పారన్నమాట. తొలి 5 శాతం శాలువాకైతే పది విజయవాడలు కావాలి.

ఆ మెయిల్లో అబద్ధం ఒక్కటీ లేదు. దాని బలమంతా అక్కడే ఉంది. తెలుగులో ‘కోటికొక్కడు’ అంటే మహానుభావుడు. ‘కోటి మందిలో ఒకడు’ అంటే జాతరలో జనం. ఆ మెయిల్ అందుకున్న మనిషి నిజానికి రెండో రకం. శాతం అనే చిన్న అంకె వాడి, అతనికి తాను మొదటి రకమనిపించేలా చేశారు. ‘మీతో కలిపి కోటి మందికి ఈ ఉత్తరం రాస్తున్నాం’ అని మొదటి వాక్యంలోనే చెప్పి ఉంటే ఎంతమంది దాన్ని పంచుకునేవారు?

ఇంకో సంగతి కూడా గమనించాలి. వాళ్లు లెక్కపెట్టింది ‘చూపుల్ని’ మాత్రమే. పనితనాన్ని ఎవరూ తూచలేదు. ఒకే పేరున్న వేరొకరి కోసం వెతుకుతూ పొరపాటున తెరిచినా చూపే. కోర్సులు అమ్మేవాళ్లు తెరిచినా చూపే. ఖాతా తెరిచి మళ్లీ ఆ గడప తొక్కనివాళ్లు ఎందరో ఉండే చోట, వారానికోసారి వచ్చి పోయేవాడు కూడా ముందువరసకు చేరడం పెద్ద విశేషం కాదు.

2023 నవంబరు నాటికి అదే సైటు సభ్యులు 100 కోట్లు. అందులో భారతీయులు 10 కోట్ల పైమాటే, అమెరికా తర్వాత మనమే. అప్పటి మెయిల్‌ని ఈ లెక్కన పంపితే తొలి 5 శాతమంటే 5 కోట్ల మంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా మొత్తం దాదాపు అంతే.

మునగచెట్టు ఎక్కించే శాస్త్రం

పొగడ్తకు పడిపోయే గుణం మనకు కొత్తగా తెలిసింది కాదు. మునగచెట్టు ఎక్కించడమని మన పెద్దలు ఊరికే అనలేదు. మునగ కొమ్మ పెళుసు. చూడటానికి ఎక్కేలాగే ఉంటుంది, బరువు పడగానే ఫెళ్లున విరుగుతుంది. ఎక్కించినవాడు కింద నేల మీదే ఉంటాడు, నడుం విరిగేది ఎక్కినవాడికే.

అయితే తెలిసి తెలిసి ఎందుకు ఎక్కుతాం? మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని చాలాకాలంగా పరీక్షిస్తున్నారు. అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే ఆచార్యుడు 1948లో తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టాడు. ఒక్కొక్కరికీ ‘ఇది నీ గురించే’ అంటూ ఫలితం ఇచ్చి, అది ఎంత బాగా కుదిరిందో అయిదుకు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 వేశారు. తర్వాత అసలు సంగతి చెప్పాడు: అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. ‘మీలో బయటికి రాని శక్తి చాలా ఉంది’ లాంటి మాట ఎవరికి కుదరదు? ఎవరి కొలతో తెలియకుండా కుట్టిన చొక్కాను ప్రతి ఒక్కరూ తమదేననుకున్నారు.

పొగిడేది మనిషి కాదు, యంత్రమని తెలిస్తే? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బీజే ఫాగ్, క్లిఫర్డ్ నాస్ 1997లో ప్రచురించిన ప్రయోగం ఇదే. కంప్యూటర్‌తో ఆట ఆడించి, మధ్యమధ్యలో దానితోనే మెచ్చుకోలు చెప్పించారు. కొందరికి ‘ఈ మెప్పు మీ ఆటను బట్టే వస్తోంది’ అన్నారు. ఇంకొందరికి ‘దీనికీ మీ ఆటకూ సంబంధం లేదు’ అని ముందే చెప్పేశారు. రెండు జట్లూ దాదాపు ఒకే తీరుగా సంతోషపడ్డాయి.

మన సంగతికి ఇంకా దగ్గరైన పరిశోధన 2010లో హాంకాంగ్ నుంచి వచ్చింది. ఎలైన్ చాన్, జైదీప్ సేన్‌గుప్తా అనే ఇద్దరు మార్కెటింగ్ పరిశోధకులు ఒక బట్టల దుకాణం కరపత్రాన్ని జనానికి చూపించారు. ‘మీ అభిరుచి గొప్పది కాబట్టే మీకు రాస్తున్నాం’ అనే ధోరణిలో ఉంటుంది. అది అచ్చేసి అందరికీ పంచుతున్నదేనని చదివినవాళ్లకు తెలుసు. అడిగితే ‘వ్యాపారం కోసం పొగుడుతున్నారు, అంతే’ అన్నారు. కానీ లోలోపల ఆ దుకాణం మీద ఇష్టం పుట్టింది. కొన్నాళ్లయ్యాక ఎంపిక చేసుకోమన్నప్పుడు పైకి చెప్పిన అనుమానం పక్కకు పోయి, లోపలి ఇష్టమే పనిచేసింది. మనసు నిబ్బరంగా ఉన్నవాళ్ల మీద ఈ మందు ప్రభావం తగ్గుతుందని కూడా వాళ్లు చూపించారు.

ఆ చివరి మాట చదివినప్పుడు నాకు మేనల్లుడే గుర్తొచ్చాడు. ఉద్యోగంలో కుదురుగా ఉన్నప్పుడు ఈ మెయిళ్లను అతను తెరవను కూడా లేదు. ఇంటి అద్దె బాకీ పడ్డాకే సోమవారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. పొగడ్త ఎవరికైనా తీపే. ఆకలిగా ఉన్నవాడికి అది అన్నంలా కనిపిస్తుంది.

లోభం ఒకరిది, మదం ఒకరిది

లింక్డ్‌ఇన్ వ్యవస్థాపకుల్లో ముఖ్యుడు రీడ్ హాఫ్‌మన్. 2011లో ఆయన ఒక మాట అన్నాడు. క్రైస్తవ సంప్రదాయం చెప్పే ఏడు మహాపాపాల్లో ఏదో ఒకదాన్ని తాకినప్పుడే సోషల్ నెట్‌వర్క్‌లు బాగా నడుస్తాయని, ఫేస్‌బుక్‌ది అహం అయితే లింక్డ్‌ఇన్‌ది లోభమని ఆ మాట సారాంశం. మన లెక్కలో చెప్పాలంటే అరిషడ్వర్గాల్లో ఒక్కొక్కటీ ఒక్కో కంపెనీకి పెట్టుబడి. లోభం పునాదిగా కట్టిన ఇంట్లోకి పొగడ్త మెయిళ్లతో మదాన్ని కూడా పిలుచుకొచ్చారు.

మనిషిని మళ్లీ మళ్లీ సైటులోకి రప్పిస్తేనే వ్యాపారం. వస్తే ప్రకటనలు చూస్తాడు, తన వివరాలు నింపుతాడు, తెలిసినవాళ్లను చేరుస్తాడు. ఆ వివరాల గుట్టను చూసే కంపెనీలు ఉద్యోగుల కోసం అక్కడికొచ్చి డబ్బు కడతాయి. సభ్యుడు కూడా చందా కడితే మరీ మంచిది. ఉచిత ఖాతాలో మిమ్మల్ని చూసినవాళ్లలో కొద్దిమందే కనిపిస్తారు, పూర్తి జాబితా కావాలంటే ప్రీమియం తీసుకోవాలి. ‘మిమ్మల్ని ఎవరో చూశారు’ అన్న కబురు ఆ కొట్టుకు వేసిన దారి. 2016లో మైక్రోసాఫ్ట్ ఈ సైటును 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ కొనుగోలు జరిపించింది మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల. ప్రీమియం చందాల రాబడి ఏడాదికి 200 కోట్ల డాలర్లు దాటిందని 2025 జనవరిలో చెప్పిందీ ఆయనే.

పొగడ్త రకాలు కూడా మారుతూ వచ్చాయి. 2012 సెప్టెంబరులో ‘ఎండార్స్‌మెంట్’ వచ్చింది. మీకు ఫలానా నైపుణ్యం ఉందని మీ పరిచయస్థులు ఒక్క నొక్కుతో ధ్రువీకరించవచ్చు. మీ పని ఎన్నడూ చూడనివాళ్లు కూడా నొక్కారు. మొహమాటానికి మీరు తిరిగి నొక్కారు. పెళ్లిలో చదివింపుల పద్దులా ఇచ్చిపుచ్చుకోవడం సాగింది.

2023 మార్చిలో ఇంకో అడుగు పడింది. కృత్రిమ మేధతో వ్యాసాలు రాయించి, ‘దీనికి మాట జోడించమని పిలిచిన కొద్దిమంది నిపుణుల్లో మీరొకరు’ అని సభ్యులకు కబుర్లు పంపారు. ఎక్కువగా రాసినవాళ్లకు పేరు పక్కన బంగారు రంగు బిళ్ల. ఆ బిళ్ల కోసం జనం గంటలకు గంటలు ఉచితంగా రాశారు. కొందరు యంత్రం రాసిన వ్యాసానికి యంత్రంతోనే జవాబులు రాయించారు. 2024 అక్టోబరులో ఆ బిళ్లలకు స్వస్తి చెప్పారు, ఉన్నవీ కొద్దివారాల్లో తొలగిపోయాయి. అక్కడ రాసినవాళ్ల చేతికి మిగిలిందేమిటి? వాళ్లు పోసిన అనుభవం మాత్రం సైటులోనే ఉంది.

పేరు మనది, ఉత్తరం వాళ్లది

పొగడ్తను ఎరగా వేసి గీత దాటినప్పుడు కోర్టులు పట్టుకున్న సందర్భాలున్నాయి. పాత సహాధ్యాయులను కలిపే క్లాస్‌మేట్స్ డాట్ కామ్ మీద 2008లో అమెరికాలో ఒక సభ్యుడు కేసు వేశాడు. ‘మీ పాత మిత్రులు మిమ్మల్ని వెతుకుతున్నారు, ఎవరో చూడాలంటే డబ్బు కట్టండి’ అని మెయిల్ వస్తే నమ్మి కట్టానని, తీరా చూస్తే తనకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరని అతని ఆరోపణ. కంపెనీ తర్వాత రాజీకి వచ్చింది.

లింక్డ్‌ఇన్ మీద 2013 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో దాఖలైన దావా ఇంకో కోణాన్ని బయటపెట్టింది. సభ్యుడు తన చిరునామాల పుస్తకాన్ని సైటుకు ఇస్తే, అందులోని వాళ్లందరికీ అతని పేరుతో ఆహ్వానం వెళ్లేది. జవాబు రాకపోతే అతని పేరుతోనే మరో రెండు గుర్తుచేసే మెయిళ్లు వెళ్లేవి. మొదటిదానికి సభ్యుడి అనుమతి ఉందనుకున్నా, తర్వాతి రెండింటికీ ఉందని చెప్పలేమంటూ న్యాయమూర్తి లూసీ కో 2014లో కేసును ముందుకు నడవనిచ్చారు. ఒకే ఆహ్వానాన్ని మూడుసార్లు అందుకున్నవాళ్లు, వద్దన్నా అర్థం చేసుకోని మనిషని ఆ సభ్యుడి గురించి అనుకునే ప్రమాదం ఉందని కూడా గుర్తించారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గానీ 1.3 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. 2016లో కోర్టు ఆ ఒప్పందానికి ఆమోదం తెలిపింది.

మన ఊళ్లో శుభలేఖ ఇవ్వాలంటే బొట్టు పెట్టి పిలుస్తాం. మన పేరుతో ఎవరో పోయి ఒకే ఇంటి తలుపు మూడుసార్లు కొడితే పరువు పోయేది మనదే. పరువుకు వెల కట్టలేమని మనకు తెలిసిందే. అలా పరువు పోయే ప్రమాదాన్ని అక్కడి కోర్టు కూడా గుర్తించింది.

హైదరాబాద్ దాకా వచ్చిన దారి

ఈ మందును కనిపెట్టింది పరాయి దేశం కంపెనీలే అనుకుంటే పొరపాటు. కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లను అడగండి. ‘గ్రీటింగ్స్ ఫర్ ది డే! మీ అమూల్యమైన పరిశోధన చూసి ముగ్ధులమయ్యాం. మీవంటి ప్రముఖుల వ్యాసం మా పత్రికకు అలంకారం’ అంటూ మెయిల్ రాని అధ్యాపకుడు అరుదు. ఎముకల వైద్యుడికి సముద్రజీవుల పత్రిక నుంచి పిలుపు వస్తుంది. వ్యాసం పంపితే కొద్దిరోజుల్లోనే అంగీకారం, ఆ వెంటనే బిల్లు. ఇలాంటివాటిని అమెరికా గ్రంథపాలకుడు జెఫ్రీ బీల్ ‘వేట పత్రికలు’ అన్నాడు.

2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు పదోన్నతికి అచ్చయిన వ్యాసాలతో మార్కుల లెక్క ముడిపెట్టాక మన అధ్యాపకుల్లో ఈ ఆకలి పెరిగింది. హైదరాబాద్ కేంద్రంగా వందల పత్రికలు నడిపిన ఒమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. నిపుణుల పరిశీలన జరుగుతుందని తప్పుగా చెప్పడం, రుసుమును ముందుగా చెప్పకుండా దాచడం, ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు వాడుకోవడం ఆరోపణలు. సంస్థ వాటిని ఖండించింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది, మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని ఖరారు చేసింది.

ఈ మెయిళ్ల తీరు తెలియాలంటే 2014లో జరిగిన ఒక ఉదంతం చాలు. ‘మీ జాబితాలోంచి నన్ను తీసేయండి’ అనే ఒకే వాక్యాన్ని, మధ్యలో ఒక తిట్టుమాటతో సహా, పది పేజీల నిండా రాసిన ఉత్తుత్తి వ్యాసం ఒకటుంది. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఇద్దరు 2005లో విసిగిపోయి తయారుచేశారు. ఆస్ట్రేలియాలోని ఒక అధ్యాపకుడు, తనకు మెయిళ్లు పంపి విసిగిస్తున్న ఒక పత్రికకు దాన్నే జవాబుగా పంపాడు. ఆ పత్రిక ‘అద్భుతం’ అని మెచ్చి, 150 డాలర్లు కడితే అచ్చువేస్తామంది. పొగిడేవాడు చదవడని రుజువు కావడానికి ఇంతకంటే ఏం కావాలి?

డబ్బు తీసుకుని ‘గౌరవ డాక్టరేట్’ పంచే సంస్థలదీ ఇదే బాట. 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం చట్టబద్ధంగా అధికారం ఉన్న విశ్వవిద్యాలయాలకు, సంస్థలకు తప్ప ఎవరికీ పట్టాలిచ్చే హక్కు లేదు. శాలువా వాళ్లదైనా, దాని ఖరీదు మన జేబులోదే.

ఫోనుకు 1909 ఉంది, మెయిల్‌కు?

విసిగించే ఫోన్లూ ఎస్సెమ్మెస్‌లూ వస్తే 1909కు ఫిర్యాదు చేయవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో చేసిన నిబంధనలు వాటికే. ఈమెయిల్ వాటి కిందికి రాదు. అమెరికాలో 2003 నాటి చట్టం ప్రకారం వద్దన్నవాళ్లకు పది పనిదినాల తర్వాత వ్యాపార మెయిల్ పంపకూడదు. మన దేశంలో మెయిళ్ల కోసమంటూ అలాంటి చట్టం లేదు.

2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ మాయోపాయాలు 13 పేర్కొంటూ మార్గదర్శకాలు తెచ్చింది. పదేపదే విసిగించడం, లేని తొందర పెట్టడం, వేషం మార్చిన ప్రకటన అందులో ఉన్నాయి. పొగడ్త లేదు. అభినందన రూపంలో వచ్చి చందా బటన్ దగ్గర దిగబెట్టే ప్రతి మెయిల్‌నీ వేషం మార్చిన ప్రకటనగానే చూడాలని నా అభిప్రాయం. ‘ఇది ఇంతమందికి పంపాం’ అని ప్రతి అభినందన మెయిల్ కింద రాయాలన్న నియమం ఒక్కటి చాలు. నిజమైన మెప్పుకు దానివల్ల నష్టమేమీ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక మంచి సూత్రం ఉంది: అంగీకారం ఎంత సులువుగా ఇచ్చామో అంత సులువుగానే వెనక్కి తీసుకోగలగాలి. ఆ సూత్రాన్ని మెయిళ్ల విషయంలోనూ గట్టిగా అమలు చేయాలి.

అప్పటిదాకా మన జాగ్రత్త మనదే. మెయిల్ రాగానే ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి: నా పనిలో ఫలానాది బాగుందని ఇందులో ఉందా? నా పేరు తీసి పక్కింటివాళ్ల పేరు పెట్టినా ఈ మెయిల్ అలాగే సరిపోతే, అది నాకు రాసింది కాదు.

రెండు: శాతం కనిపిస్తే మొత్తంతో గుణించి చూశానా?

మూడు: మెయిల్ చివర బటన్ ఎటు తీసుకెళ్తోంది? ఉద్యోగం వైపా, చెల్లింపు పేజీ వైపా? ‘మీరు ఎంపికయ్యారు, డిపాజిట్ కట్టండి’ అని అడిగితే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

నాలుగు: ఇది నాకు అవసరమా? అక్కర్లేకపోతే ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెయిల్ కబుర్లు ఆపేయవచ్చు. జీమెయిల్‌కు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వద్దనుకునే వీలు ఇవ్వాలని 2024లో గూగుల్ నియమం పెట్టింది. ఆ మీట పైనే కనిపిస్తుంది. వాడుకోండి.

చూడటమంటే

ఈ సైట్లన్నీ దండగని నేను అనడం లేదు. లింక్డ్‌ఇన్‌లోనే 2015 నుంచి 2019 దాకా 2 కోట్ల మంది సభ్యుల మీద జరిగిన ప్రయోగాల ఫలితాలు 2022లో సైన్స్ పత్రికలో వచ్చాయి. రోజూ మాట్లాడే ఆప్తుల కంటే ఒక మోస్తరు పరిచయస్థుల ద్వారానే కొత్త ఉద్యోగాలు ఎక్కువగా దొరుకుతున్నాయని అందులో తేలింది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లోనే చెప్పిన సంగతికి అది పెద్ద ఎత్తున దొరికిన రుజువు. పాత సహోద్యోగి, కాలేజీలో సీనియర్, ఒకప్పటి ప్రాజెక్టులో పక్క టీమ్ మనిషి, వీళ్లను వెతికి పట్టుకోవడానికి ఈ సైట్లు నిజంగానే పనికొస్తాయి. విలువ ఉన్నది ఆ మనుషుల్లో. సోమవారం మెయిల్లో లేదు.

మా మేనల్లుడి విషయంలోనూ అదే జరిగింది. చందా కట్టలేదు. పాతవాళ్ల జాబితా రాసుకుని ఒక్కొక్కరికీ స్వయంగా రాయడం మొదలుపెట్టాడు. ఎనిమిదో నెలలో, ఒకప్పుడు అతని టీమ్ లీడ్‌గా ఉండి పుణె వెళ్లిన ఒకాయన తన కొత్త కంపెనీలో ఇతని గురించి రెండు వాక్యాలు రాశాడు: ‘నెలాఖరు రాత్రి జీతాల సాఫ్ట్‌వేర్ ఆగిపోతే తెల్లారేదాకా కూర్చుని సరిచేసింది ఇతనే. మర్నాడు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు కూడా.’ ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఉద్యోగమూ వచ్చింది.

ఆ రెండు వాక్యాలను మేనల్లుడు తెలుగులో చెప్తే అక్కయ్య ఫోన్లో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. చివరికి ఒకే మాట అంది: “ఇదిరా చూడటమంటే.”

పొగడ్తకూ మెప్పుకూ ఉన్న తేడా అంతా ఆ మాటలో ఉంది. మెప్పు చూసినవాడు చెప్పేది. పొగడ్తకు చూడాల్సిన పని లేదు. కోటి మందికి కప్పిన శాలువా ఒక్కరికీ చలి ఆపదు.

మీరు దగ్గరుండి పని చూసినవాళ్లలో ఒకరు ఇప్పుడు ఉద్యోగం వెతుక్కుంటూ ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఆ ఒక్కరి కోసం రెండు వాక్యాలు రాయండి. మీరు కళ్లారా చూసిన ఒక పని, అది జరిగిన రోజు, దానివల్ల కలిగిన మేలు. అంతే రాయండి. ఉద్యోగమివ్వగల ఒకరికి పంపండి, ఆ మనిషికీ పంపండి. సోమవారం పొద్దున వాళ్ల మెయిల్ పెట్టెలో ఒక్క నిజమైన ఉత్తరం ఉంటుంది.